గీత కింద నీళ్లు

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి, మూసీ వైపు నడిస్తే ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28, సోమవారం నాడు మూసీ పొంగినప్పుడు ఆ కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారని నగరం చెప్పుకుంటుంది. చెట్టు కింద నిలబడి మెడ ఎత్తితే చింతాకు సందుల్లోంచి ఆకాశం గింజలు గింజలుగా కనిపిస్తుంది. మనుషులు కూర్చున్న కొమ్మ ఏదై ఉంటుందా అని వెతుక్కుంటాం. నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయా అని గుండె జారుతుంది.

మొన్న మా మేనకోడలిని అక్కడికి తీసుకెళ్లాను. అమీర్‌పేటలో పైథాన్ కోర్సు చేస్తోంది. లైన్ చార్ట్‌లో గీత కింద రంగు నింపడం ఆ వారమే నేర్చుకుంది. పక్కనే ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. "రంగు చూడ్డానికి బాగుండాలనే కదా మామయ్యా?" అని అడిగింది. అందానికి కాదు తల్లీ, వరద చార్ట్‌లో ఆ రంగే నీళ్లు అన్నాను. ఆ ఒక్క మాట వెంట పడి ఇద్దరం పోగుచేసిన విశేషాలివి.

క్యూసెక్కులు గీతలో, టీఎంసీలు రంగులో

వానాకాలం వస్తే మన పేపర్లలో రెండు మాటలు రోజూ ఉంటాయి: క్యూసెక్కులు, టీఎంసీలు. చాలామంది ఒకదానికి ఇంకొకటి వాడేస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. అది ధాటి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అది రాశి. నల్లా ఎంత జోరుగా వస్తోందన్నది మొదటిది, బిందెలో ఎన్ని నీళ్లు చేరాయన్నది రెండోది.

కాగితం మీద అడ్డంగా సమయం, నిలువుగా క్యూసెక్కులు పెట్టి గీత గీయండి. గీత ఎత్తు ధాటిని చెబుతుంది. ఎత్తును సమయంతో గుణిస్తే నీళ్ల మొత్తం వస్తుంది. ఎత్తు ఇంటూ వెడల్పు అంటే వైశాల్యమే కదా. అంటే గీత కింద రంగు పూసిన మేర ఎంతో, నీళ్లు అన్ని. ఇంజనీర్లు ఈ చార్ట్‌ను హైడ్రోగ్రాఫ్ అంటారు.

గుర్తుంచుకోదగ్గ అంకె ఒకటుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా ఆగకుండా పారితే దాదాపు సరిగ్గా ఒక టీఎంసీ. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి లెక్క అలా తేలుతుంది. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు వరద శ్రీశైలం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ధాటిలో ఒక టీఎంసీ రావడానికి ఏడు నిమిషాలు కూడా పట్టదు.

రెండున్నర గంటల్లో ఒక ఉస్మాన్‌సాగర్

1908 వరద నగరం దగ్గర శిఖరానికి చేరినప్పుడు 4,25,000 క్యూసెక్కులు అని లెక్కగట్టారు. ఈ అంకె వింటే పెద్దదని తెలుస్తుంది తప్ప ఎంత పెద్దదో మనసుకు పట్టదు. గీత కింద రంగు నింపితే పడుతుంది. ఆ ఎత్తులో ఒకే ఒక్క గంట వెడల్పున్న నిలువు పట్టీ తీసుకోండి. 4,25,000ను 3,600తో గుణిస్తే 153 కోట్ల ఘనపుటడుగులు, అంటే ఒకటిన్నర టీఎంసీ పైమాటే.

ఇప్పటి ఉస్మాన్‌సాగర్ నిండితే 3.9 టీఎంసీలు. మనం గండిపేట అని పిలుచుకునే అంత చెరువూ ఆ ధాటికి రెండున్నర గంటల్లో నిండిపోతుంది. హిమాయత్‌సాగర్‌ 2.97 టీఎంసీలు కూడా కలిపితే నాలుగున్నర గంటలు. మా మేనకోడలు ఈ లెక్క రెండుసార్లు వేసి చూసుకుంది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ నీళ్లు ఎక్కడివి? శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన, 48 గంటల్లో 18.9 అంగుళాలు. మూసీ, దాని ఉపనది ఈసీ పరీవాహకంలో అప్పుడు 788 చెరువులుండేవి. వాటిలో 221 తెగాయి. పైచెరువు తెగితే ఆ నీళ్లు కిందిచెరువు కట్టను కొడతాయి, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులు నీళ్లను ఒకదానికొకటి అందించుకునే తీరే ఆ రోజు శాపమైంది. గీత భాషలో చెప్పాలంటే, రోజుల తరబడి నెమ్మదిగా దిగాల్సిన వైశాల్యమంతా కొన్ని గంటల్లోకి కుక్కుకుని నిటారుగా లేచింది.

అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. 1578 నాటి పురానాపూల్ ఒక్కటే దెబ్బలు తిని నిలబడింది. మొదటి సాలార్‌జంగ్ హయాంలో 1866లో వెలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నేలమట్టమైంది. దాని వారసురాలే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి. చనిపోయినవాళ్లు 15,000 మంది అని సాధారణంగా చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్లకే పోగొట్టుకుని, ఆ దుఃఖాన్ని పద్యంగా రాశాడు.

ఒక్క అంగుళం వాన అంటే

మూసీ నగరానికి చేరేలోపు నీళ్లు సమకూర్చే నేల సుమారు 860 చదరపు మైళ్లు. ఆ నేలంతటి మీదా ఒక అంగుళం నీటిపొర పరచినట్టు ఊహించుకోండి. లెక్క వేస్తే అది దాదాపు 200 కోట్ల ఘనపుటడుగులు, అంటే రెండు టీఎంసీలు. భూమి తాగింది పోను మిగిలి నదిలోకి జారిన ప్రతి అంగుళానికీ చార్ట్‌లో గీత కింద రెండు టీఎంసీల రంగు చేరుతుందన్నమాట.

1932లో అమెరికన్ ఇంజనీర్ లిరాయ్ షెర్మన్ ఈ ఆలోచనకే ఒక రూపం ఇచ్చాడు. ఒక్క యూనిట్ వానకు నది ఎలా ఉబ్బుతుందో ఒక గీత గీసిపెట్టుకుంటే, మూడు యూనిట్లు పడ్డప్పుడు ఆ గీతను మూడింతలు చేసి వరదను ముందే అంచనా కట్టవచ్చన్నాడు. దీన్ని యూనిట్ హైడ్రోగ్రాఫ్ అంటారు. దాని ముఖ్య నియమం ఒక్కటే: గీత కింద వైశాల్యం ఖచ్చితంగా ఒక యూనిట్ ఉండాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు పరీక్షలో ఈ లెక్క తప్పనిసరిగా ఎదురై ఉంటుంది.

పైథాన్‌లో పని ఒక్క వరుస

ఇంతకీ రంగు నింపేది ఎలా? పైథాన్‌లో బొమ్మలు గీయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ వాడతారు. ప్లాట్ అనే ఆజ్ఞ గీత గీస్తుంది. ఫిల్ అండర్‌స్కోర్ బిట్వీన్ అనే ఆజ్ఞ రంగు నింపుతుంది. బ్రాకెట్లో మొదట సమయాలు, కామా, తర్వాత ప్రవాహం అంకెలు ఇస్తే చాలు.

ఆ పేరులో ఒక సూక్ష్మం దాగి ఉంది. బిట్వీన్ అంటే మధ్య. మనం ఇచ్చింది ఒక్క గీతే అయినా అది రెంటి మధ్యనే నింపుతుంది. రెండో గీత చెప్పకపోతే అక్కడ సున్నా ఉందనుకుంటుంది. గీత కింద రంగు అన్నది గీతకూ సున్నాకూ మధ్య రంగే. ఈ సంగతి గట్టిగా పట్టుకుంటే తర్వాతి చిక్కులు సగం విడిపోతాయి.

ఇంకో చిన్న మాట, ఆల్ఫా. రంగు ఎంత పల్చగా ఉండాలో సున్నాకూ ఒకటికీ మధ్య అంకెతో చెప్పేది అదే. 0.3 అన్నామంటే రంగు వెనక ఉన్నవి కూడా కనిపిస్తాయి. పైన గీతను ముదురుగా, కింద రంగును పల్చగా ఉంచితే ధాటి, రాశి రెండూ కంటికి వేర్వేరుగా అందుతాయి. నా మటుకు నాకు ఇదే నచ్చుతుంది. ముద్దరంగు పులిమితే గీత అందులో మునిగిపోతుంది.

వానకు మాత్రం ఏటవాలు గీత సరిపడదు. రోజుకొక అంకెగా కొలిచే వర్షపాతాన్ని మెట్లు మెట్లుగా చూపాలి. అదే ఆజ్ఞలో స్టెప్ అన్న మాట చేరిస్తే రంగు కూడా మెట్ల ఆకారంలోనే నిండుతుంది.

చెరువు నిండుగా ఉండే క్షణం ఏది?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన విశేషం. జలాశయంలోకి వచ్చే నీళ్లు ఒక గీత, గేట్ల కిందుగా పోయే నీళ్లు ఇంకో గీత. పేపర్లో ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అని రాసేవి ఇవే. రెండూ ఒకే చార్ట్‌లో గీసి వాటి మధ్య రంగు నింపండి. ఇన్‌ఫ్లో పైన ఉన్నంతసేపూ మధ్యనున్న రంగు చెరువులో చేరే నీళ్లు. అవుట్‌ఫ్లో పైకి వచ్చిన క్షణం నుంచి మధ్యనున్న రంగు చెరువు కోల్పోయే నీళ్లు.

మరి చెరువు నిండుగా ఉండేది ఎప్పుడు? ఇన్‌ఫ్లో శిఖరానికి చేరినప్పుడని చాలామంది అనుకుంటారు. కాదు. శిఖరం దాటి ఇన్‌ఫ్లో దిగడం మొదలుపెట్టాక కూడా, అది అవుట్‌ఫ్లో కన్నా ఎక్కువున్నంత కాలం చెరువు ఇంకా నిండుతూనే ఉంటుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోటే చెరువు నిండుకుండ. వాన తెరిపిచ్చాక కూడా గేట్ల దగ్గర సిబ్బంది కంటిమీద కునుకు లేకుండా ఉండడానికి కారణం ఇదే.

పైథాన్‌లో దీనికి వేర్ అన్న షరతు ఉంది. ఇన్‌ఫ్లో ఎక్కువైన చోట నీలం, అవుట్‌ఫ్లో ఎక్కువైన చోట నారింజ అని ఆజ్ఞను రెండుసార్లు రాస్తారు. అలా రాసి చూసినప్పుడు గీతలు దాటే చోట రంగు లేని చిన్న ముక్క మిగిలిపోయింది. మా మేనకోడలు తప్పెక్కడుందా అని పావుగంట వెతికింది. తప్పు తనది కాదు. ఆరు గంటలప్పటి అంకె ఒకటి, ఏడు గంటలప్పటి అంకె ఒకటి ఉన్నాయి. గీతలు దాటింది ఆరుంబావుకి. ఆ క్షణానికి అంకె లేదు కాబట్టి రంగు అక్కడిదాకా రాదు. ఇంటర్‌పొలేట్ అన్న మాటకు ట్రూ అని జతచేస్తే అసలు ఖండన బిందువును కంప్యూటరే కట్టుకుని అక్కడిదాకా నింపుతుంది. చెరువు నిండుగా ఉండే క్షణమే చార్ట్‌లో ఖాళీగా ఉండిపోతే ఎలా?

పాండాస్ లైబ్రరీ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో ఏరియా చార్ట్ అడిగితే, వేరే చెప్పకపోతే, ఒకదాని మీద ఒకటి పేర్చేస్తుంది. ఇన్‌ఫ్లో మీద అవుట్‌ఫ్లో ఎక్కి కూర్చుంటుంది. పైగీత రెండింటి కూడిక అవుతుంది. వచ్చే నీళ్లనూ పోయే నీళ్లనూ కూడితే వచ్చేదానికి అర్థమే లేదు. స్టాక్డ్ అన్న చోట ఫాల్స్ అని రాయడం మరవకండి.

విశ్వేశ్వరయ్య మార్చింది ఆకారాన్ని

వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపుతో మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ వచ్చారు. అదే ఏడు అక్టోబర్ 1న నివేదిక ఇచ్చారు. నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టాలన్నది అందులో ప్రధానమైన మాట. ఆ దారిలో వచ్చినవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్.

ఆ ఆలోచన లోతు హైడ్రోగ్రాఫ్ ముందు పెట్టుకుంటే బాగా తెలుస్తుంది. ఆనకట్ట నీళ్లను మాయం చేయలేదు. పైనుంచి ఎన్ని టీఎంసీలు వస్తాయో, ఇవాళ కాకపోతే రేపు దాదాపు అన్నీ కిందికి వదలాల్సిందే. అంటే గీత కింద వైశాల్యం పెద్దగా మారదు. మారేది ఆకారం. నిటారుగా లేచిన కొండను ఆనకట్ట నొక్కి పల్చని దిబ్బగా పరుస్తుంది. శిఖరం తగ్గుతుంది, తోక పొడవవుతుంది. వంతెనలను కూల్చేది శిఖరమే కాబట్టి, శిఖరం తగ్గితే నగరం బతుకుతుంది.

ఒక షరతుంది. వరద వచ్చేసరికి చెరువులో ఖాళీ ఉండాలి. నిండు చెరువు మీదికి వచ్చిన వరద వచ్చినట్టే కిందికి పోతుంది. వచ్చే గీత, పోయే గీత ఒకదాని మీద ఒకటి పడతాయి, మధ్యలో రంగుకు చోటుండదు. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్‌కు కూతవేటు దూరంలోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ నీళ్లు వచ్చాయి. ప్రయాణికులు మోకాలిలోతు నీళ్లలో సామాన్లు నెత్తిన పెట్టుకున్న దృశ్యాలు టీవీలో చూసినవాళ్లకు ఈ చార్ట్ వేరే వివరించక్కర్లేదు.

అఫ్జల్‌గంజ్‌లో 1889లోనే గీసిన గీతలు

వరదకు రెండు దశాబ్దాల ముందు ఇదే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పేరు లండన్ వైద్య పత్రికల్లో మారుమోగింది. మత్తుమందుగా వాడే క్లోరోఫామ్ ముందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్న వివాదం తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. రెండోదానికి ఖర్చు నిజాం మహబూబ్ అలీఖాన్ పెట్టుకున్నాడు. లాన్సెట్ పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ ఇంగ్లండ్ నుంచి వచ్చాడు. హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ కూడా ఆ పనిలో పాలుపంచుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను చెబుతారు.

జంతువుల మీద చేసిన ఆ ప్రయోగాల్లో రక్తపోటును కైమోగ్రాఫ్ అనే యంత్రం గీతగా రాసేది. తిరిగే డోలుకు కాగితం చుట్టి ఉంటుంది. రక్తపోటు పెరిగితే ముల్లు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ కనిపెట్టిన పరికరం అది. కంప్యూటర్ పుట్టక ముందే అఫ్జల్‌గంజ్‌లో లైన్ చార్ట్‌లు గజాల కొద్దీ పారాయి.

ఊపిరే ముందు ఆగుతుంది, ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు అని కమిషన్ తేల్చింది. 1911లో లెవీ అనే పరిశోధకుడు క్లోరోఫామ్ నేరుగా గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలదని చూపడంతో ఆ తీర్పు నిలబడలేదు. కానీ ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషి శ్వాసను క్షణక్షణం గమనించాలన్న పట్టుదల ఇప్పటికీ మత్తువైద్యుల మొదటి పాఠమే.

రక్తపోటు గీత కింద వైశాల్యానికీ ఒక పని ఉంది. ఒక గుండెచప్పుడు మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా గీత కింది వైశాల్యాన్ని ఆ సమయంతో భాగిస్తే సగటు రక్తపోటు వస్తుంది. ఐసీయూ తెర మీద పెద్ద అంకెల పక్కన చిన్నగా కనిపించే మూడో అంకె అదే.

మందుచీటీ మీద వైశాల్యం

క్యాన్సర్ ఆసుపత్రిలో కార్బోప్లాటిన్ మందు రాసిన చీటీ చూస్తే దాని పక్కన ఏయూసీ 5 అనో ఏయూసీ 6 అనో కనిపిస్తుంది. ఏయూసీ అంటే గీత కింద వైశాల్యం. మందు ఒంట్లోకి ఎక్కాక రక్తంలో దాని సాంద్రత లేచి పడే గీత కింద ఎంత రంగు నిండాలో డాక్టర్ ముందే నిర్ణయిస్తారు. 1989లో కాల్వర్ట్ బృందం ఇచ్చిన సూత్రం తేలికైంది: కిడ్నీల వడపోత రేటుకు 25 కలిపి, దాన్ని కావలసిన ఏయూసీతో గుణిస్తే మోతాదు మిల్లీగ్రాముల్లో వస్తుంది. రేటు 95 ఉన్న రోగికి ఏయూసీ 5 కావాలంటే 600 మిల్లీగ్రాములు. కిడ్నీలు చురుగ్గా ఉంటే మందు త్వరగా బయటికి పోతుంది కాబట్టి అంతే రంగు నిండడానికి ఎక్కువ మందు కావాలి. చెరువూ గేట్ల సంగతే ఇదీ.

ఎనిమిదో తరగతి సూత్రమే

రంగు నింపడం కంటికి. అంకె కావాలంటే వైశాల్యం కట్టాలి. గీత కిందనున్న మేరను గంటకొక నిలువు ముక్కగా కోయండి. ప్రతి ముక్కా సమలంబ చతుర్భుజం. రెండు నిలువు భుజాల మొత్తంలో సగాన్ని వెడల్పుతో గుణించడం ఎనిమిదో తరగతిలోనే నేర్చుకున్నాం. ఉదాహరణకు గంట గంటకూ 20,000, 60,000, 1,00,000 క్యూసెక్కులు వచ్చాయనుకుందాం. మొదటి గంట సగటు 40,000, రెండో గంట సగటు 80,000. కలిపి 1,20,000ను 3,600తో గుణిస్తే 43.2 కోట్ల ఘనపుటడుగులు. అర టీఎంసీకి కాస్త తక్కువ.

నమ్‌పై లైబ్రరీలో ఈ పని చేసేది ట్రపిజాయిడ్ అనే ఆజ్ఞ. 2024లో వచ్చిన రెండో వెర్షన్ దాకా దాని పేరు ట్రాప్‌జెడ్. పాత పుస్తకం చూసి రాసిన ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లో మొరాయిస్తే ముందు ఇదే చూడండి. దానికి ప్రవాహం అంకెలు మాత్రమే ఇచ్చి సమయాలు ఇవ్వకపోతే అంకెకూ అంకెకూ మధ్య దూరం 1 అనుకుంటుంది. క్యూసెక్కులో సెకను దాగి ఉంది కాబట్టి సమయాలు కూడా సెకన్లలో ఇవ్వాలి. గంటల్లో ఇచ్చి టీఎంసీలు రావడం లేదని తల పట్టుకోవడం మేమిద్దరం ఆ మధ్యాహ్నమే చేశాం.

మధ్యలో ఒక గంట అంకె లేకపోతే? రంగులో ఖాళీ కనిపిస్తుంది, కూడిక మొత్తానికే అంకె కాదు అని సమాధానం వస్తుంది. ఆ ఖాళీని సున్నాతో పూడ్చకండి. కొలవని నీళ్లు లేని నీళ్లు కావు.

బాబిలోన్ పలకలు, క్షేత్రగణితం

ఈ పద్ధతి వయసెంతో చూడండి. క్రీస్తుపూర్వం 350కీ 50కీ మధ్య బాబిలోన్ జ్యోతిషులు మట్టిపలకల మీద గురుగ్రహం నడకను ఇలాగే కట్టారు. గ్రహం మొదటి రోజు 12 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతులు) కదులుతుంది, 60వ రోజుకు వేగం తొమ్మిదిన్నర కళలకు తగ్గుతుంది. సగటు పదిముప్పావు, 60తో గుణిస్తే 645 కళలు, అంటే 10 డిగ్రీల 45 కళలు. వేగం గీత కింద ఉన్న సమలంబ చతుర్భుజం వైశాల్యమే గ్రహం నడిచిన దూరం. ఈ పలకలను చదివి మాథ్యూ ఒసెన్‌డ్రైవర్ 2016లో సైన్స్ పత్రికలో ప్రకటించేదాకా, ఈ ఆలోచన 14వ శతాబ్దపు యూరప్‌లో పుట్టిందనే అనుకునేవారు.

ఇన్ని వందల ఏళ్ల సూత్రాన్నే 1994లో ఒక మధుమేహ వైద్య పత్రికలో కొత్త పద్ధతిగా ప్రచురించారు. రక్తంలో చక్కెర గీత కింద వైశాల్యం కట్టడానికి. ఇది ట్రపీజియం సూత్రమే కదా అని పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. దీన్ని తక్కువ చేసి చూడను. అవసరం పడ్డ ప్రతిచోటా ఎవరో ఒకరు మళ్లీ దీన్నే చేరుకుంటారన్నది నాకు అద్భుతంగా తోస్తుంది.

మనకూ వాటా ఉంది. ఆర్యభటుడు గణితపాదంలో సమలంబ చతుర్భుజ వైశాల్యం చెప్పాడు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ సంప్రదాయంలో వైశాల్యాల లెక్కను క్షేత్రగణితం అంటారు. క్షేత్రమంటే పొలం. చార్ట్‌లో రంగు పూసిన మేర కూడా ఒక పొలమే, గట్టు మాత్రం వంకరగా ఉంటుంది.

కత్తెర, త్రాసు

కంప్యూటర్ లేని రోజుల్లో వంకర గట్టున్న ఈ పొలాన్ని కొలిచే దారులు మూడు. గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టడం ఒకటి. సగం కన్నా ఎక్కువ నిండిన గడిని ఒకటిగా, తక్కువ నిండినదాన్ని వదిలేసి లెక్కించడం బడిలో చేసిందే. రెండోది 1854లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు యాకబ్ ఆమ్స్‌లర్ చేసిన ప్లానిమీటర్. హద్దు వెంట ముల్లును ఒక చుట్టు తిప్పుకొస్తే లోపలి వైశాల్యం చక్రం మీద అంకెగా వచ్చేది.

మూడోది రసాయన ప్రయోగశాలల్లో నడిచింది. యంత్రం గీసిన గీతను కాగితంతో సహా కత్తెరతో కత్తిరించి, సున్నితమైన త్రాసులో తూచేవారు. కాగితం మందం అంతటా ఒకటే అయితే బరువు వైశాల్యానికి అద్దం. ధాన్యం వర్తకుల కోసం వెలసిన గంజ్‌లో కూర్చుని ఇది చదువుతుంటే, ఒకప్పుడు ఈ వీధంతా వినిపించిన తూకం రాళ్ల చప్పుడు గుర్తొచ్చింది.

మొదట రంగు పూసినవాడు

గీతల మధ్య రంగు పూసి అచ్చేసిన తొలివాళ్లలో స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ ముఖ్యుడు. ఆవిరియంత్రం జేమ్స్ వాట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడు. 1786లో తెచ్చిన అట్లాస్‌లో డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లండ్ వ్యాపారం 1700 నుంచి 1780 దాకా రెండు గీతల్లో ఉంది: దిగుమతులు, ఎగుమతులు. 1750ల మధ్యలో గీతలు దాటతాయి. అంతకు ముందు నష్టం ఒక రంగు, తర్వాత లాభం ఇంకో రంగు. రాగిపలకతో అచ్చేసి రంగులు చేత్తో పూశారు. మనం వేర్ షరతుతో రాసే రెండు వరుసల పని అది.

అయితే రెండు గీతల మధ్య రంగు కంటిని మోసం చేయగలదు. రెండు గీతలూ నిటారుగా లేచే చోట వాటి మధ్య పట్టీ సన్నగా కనిపిస్తుంది. కన్ను అతిదగ్గరి దూరాన్ని చూస్తుంది, మనకు కావలసింది నిలువు దూరం. వరద ముమ్మరంగా లేచే గంటల్లోనే ఈ పొరపాటు ఎక్కువ. అలాంటప్పుడు ఇన్‌ఫ్లోలోంచి అవుట్‌ఫ్లో తీసేసి, ఆ తేడాను విడిగా గీసి, సున్నా దాకా నింపడం మంచిది.

ఇక్కడ రంగు వద్దు

గండిపేట పూర్తి మట్టం 1,790 అడుగులు. సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు అది. రోజువారీ మట్టాన్ని గీతగా గీసి కింద రంగు నింపితే, రంగు సున్నా దాకా అంటే సముద్రం దాకా దిగుతుంది. 1,780 నుంచి 1,790కి చేరిన పది అడుగులు, ఊరంతా ఎదురుచూసిన పది అడుగులు, కంటికి ఆననే ఆనవు. పైగా అడుగులను రోజులతో గుణిస్తే వచ్చేదానికి అర్థం లేదు. అది నీళ్లూ కాదు, ఎత్తూ కాదు. ఉష్ణోగ్రత గీత కూడా అంతే.

మట్టానికి రంగు వేయాలనే ఉంటే రెండో గీతగా 1,790 ఇవ్వండి. అప్పుడు రంగు ఇంకా ఎంత వెలితి ఉందో చూపిస్తుంది. వాన పడుతున్న కొద్దీ ఆ రంగు సన్నబడి మాయమవుతుంది. మా మేనకోడలికి చార్ట్‌లన్నిటిలోకీ ఇదే నచ్చింది.

ఒక వైద్య పరిశోధకుడి పని

మ్యాట్‌ప్లాట్‌లిబ్ రాసిన జాన్ హంటర్ నాడీశాస్త్ర పరిశోధకుడు. మూర్ఛ రోగుల మెదడు విద్యుత్ సంకేతాల గీతలు తెర మీద చూసుకోవడానికి మొదలుపెట్టి 2003లో అందరికీ ఇచ్చేశాడు. ఉచితంగానే. 2012లో, చిన్న వయసులోనే, క్యాన్సర్ చికిత్స తర్వాతి చిక్కులతో కన్నుమూశాడు. అమీర్‌పేటలో ఇవాళ పైథాన్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది మొదటి చార్ట్ ఆయన పనిముట్టుతోనే గీస్తున్నారు.

ఒత్తులు అతుక్కునే దారి

సాయంత్రం గ్రంథాలయం మూసేలోపు చార్ట్ మీద తెలుగులో పేర్లు రాద్దామన్నాను. మొదట ఖాళీ డబ్బాలొచ్చాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే డెజావు ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు ఫాంట్ పేరు చెప్పాం. మూసీ అన్న మాట చదవగలిగేలా వచ్చింది. చింతచెట్టు దగ్గర మాత్రం ట కింద చేరాల్సిన ఒత్తు విడిపోయి పక్కన నిలబడింది. క్యూసెక్కులు అన్న మాటైతే ముక్కలు ముక్కలైంది. అక్షరాలను వరసగా పేర్చడమే తెలిసిన పద్ధతికి గుణింతం, ఒత్తు కలిసి ఒకే అక్షరమవుతాయని తెలియదు. ఏళ్లుగా మన భాషల్లో చార్ట్‌లు గీసేవాళ్లందరికీ ఉన్న బాధే ఇది.

దారి లేకపోలేదు. బొమ్మను ఎస్‌వీజీగా దాచుకునేటప్పుడు, ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అన్న అమరికను నన్ అని మారిస్తే, అక్షరాలు బొమ్మలుగా మారకుండా అక్షరాలుగానే ఫైల్లో ఉంటాయి. వాటిని కలిపి రాసే పని బ్రౌజర్ చూసుకుంటుంది. మా మేనకోడలు ఆ ఒక్క వరుస రాసి, ఫైల్‌ను బ్రౌజర్‌లోకి లాగింది. నీలిరంగు కొండ వచ్చింది. దాని శిఖరం పక్కన చింతచెట్టు అని, ఒత్తుతో సహా, మనం రాసుకున్నట్టే వచ్చింది.